క్లస్టర్ తలనొప్పి: ఏ మందుకు భయపడాలి?



తలనొప్పికి తరచుగా బిళ్ళలు మింగేవాళ్ళకు డాక్టర్లు ఒక హెచ్చరిక చేస్తారు. రోజులు మించి వాడితే మందే కొత్త నొప్పిని తెచ్చిపెడుతుందని. ఇందులో అబద్ధమేమీ లేదు. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం వర్గీకరణలో దీనికి ఒక నిర్వచనమే ఉంది. అంతకుముందే తలనొప్పి జబ్బున్న మనిషి ట్రిప్టాన్లు, ఎర్గటమిన్, నల్లమందు జాతి మందులు, రెండు మూడు మందులు కలిపి చేసిన బిళ్ళలు నెలలో 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్ లాంటివైతే 15 రోజులు, ఇలా 3 నెలలకు పైగా వాడుతూ, నెలలో సగం రోజులు తలనొప్పితోనే గడుపుతుంటే, దాన్ని మందుల అతివాడకం వల్ల వచ్చిన తలనొప్పిగా లెక్కగడతారు. వాడుకలో రీబౌండ్ అంటున్నారు. ఈ లెక్కలు చాలావరకు మైగ్రేన్ రోగుల్ని చూసి కట్టినవి. వీటినే తీసుకొచ్చి క్లస్టర్ తలనొప్పి ఉన్న మనిషి నెత్తిన పెడితే రెండు విధాల నష్టం. పనిచేసే మందుకు అతను జంకుతాడు, పనిచేయని మందును నిర్భయంగా మింగుతాడు. రీబౌండ్ భయం ఎక్కడ ఉండాలో అక్కడ లేదనీ, ఉండనక్కర్లేని చోట పాతుకుపోయిందనీ చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

క్లస్టర్ తలనొప్పి అందరికీ పరిచయమున్న జబ్బు కాదు. సుమారు వెయ్యిమందిలో ఒకరికి వస్తుంది. ఎక్కువగా 20, 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఆడవాళ్ళలో కన్నా మగవాళ్ళలో ఎక్కువ, పొగతాగేవాళ్ళలో మరీ ఎక్కువ. నొప్పి ఒకే పక్కన, కంటి వెనకో కంటిపైనో కణతలోనో పుడుతుంది. మందు వేయకపోతే 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది. రెండు రోజులకోసారి మొదలుకొని రోజుకు 8 సార్ల దాకా రావచ్చు. నొప్పి ఉన్న పక్కనే కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, రెప్ప వాలిపోతుంది. మైగ్రేన్ వచ్చినవాళ్ళు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని చూస్తారు. క్లస్టర్ వచ్చిన మనిషి పడుకోలేడు. గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, తల పట్టుకుని ఊగుతాడు, గోడకేసి కొట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ముక్కు కారుతోంది కాబట్టి సైనస్ అనుకుంటారు. నొప్పి పైదవడలోకి పాకుతోంది కాబట్టి పంటినొప్పి అనుకుని, గట్టిగా ఉన్న పన్ను పీకించుకుంటారు. అసలు జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోవడం మన దగ్గరే కాదు, డాక్టర్లకు కొదవలేని దేశాల్లోనూ మామూలే.

ఈ జబ్బుకు ఒక గడియారం ఉంది. నా వాదనకు అదే కీలకం. దాడులు కొన్ని వారాలపాటో, రెండు మూడు నెలలపాటో వరసగా వచ్చి, ఆ తర్వాత నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి, జాడ లేకుండా పోతాయి. దాడులు వరసకట్టే ఆ కాలాన్ని విడత అందాం. పదిమంది రోగుల్లో ఎనిమిది, తొమ్మిది మందికి ఇలా విడతలుగానే వస్తుంది. మిగిలినవాళ్ళకు ఏడాది తిరిగినా మూడు నెలల తెరిపి దొరకదు. విడతలో ఉండగా నిద్రపట్టిన గంటకో రెండు గంటలకో, చాలామందికి రోజూ అదే వేళకు, నొప్పి లేపుతుంది. మద్యం ఒక గుక్క చాలు, గుండెజబ్బుకు వాడే నైట్రోగ్లిజరిన్ చాలు, దాడి రావడానికి. విడత దాటాక అదే మద్యం ఏమీ చేయదు. 1939లో ఈ జబ్బును వివరంగా వర్ణించిన మేయో క్లినిక్ వైద్యుడు బేయర్డ్ హోర్టన్ దీనికి హిస్టమిన్ కారణమనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు. 1998లో లండన్ పరిశోధకులు దాడి జరుగుతుండగా రోగుల మెదడును స్కాన్ చేసి, హైపోథలమస్ వెనుకభాగం చురుగ్గా ఉండడాన్ని చూపించారు. ఒంటికి రాత్రీపగలూ తెలియజేసే గడియారం ఉన్నది హైపోథలమస్‌లోనే. కాబట్టి నొప్పి వచ్చే వేళా, పోయే వేళా చాలావరకు లోపలి నుంచే నిర్ణయమవుతున్నాయి.

ఇప్పుడు బిళ్ళ సంగతి చూడండి. మింగిన నొప్పిబిళ్ళ కరిగి, రక్తంలో చేరి, పని మొదలుపెట్టేసరికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. చాలా దాడులు ఆపాటికి తారస్థాయి దాటి దిగుముఖం పడతాయి. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగాయి, పేరు మాత్రం కాకికొచ్చింది. మర్నాడు రాత్రి ఆ మనిషి నొప్పి రాకముందే రెండు బిళ్ళలు మింగి పడుకుంటాడు. ఆ పైవారం నాలుగు. దాడికొక బిళ్ళ చొప్పున లెక్కేసినా, దాడులు ఎక్కువగా వచ్చేవాళ్ళకు రోజుకు అయిదారు అవుతాయి, ఇంకా కాలేయం, మూత్రపిండాలు, కడుపులో పుండు సంగతి నేను ఎత్తలేదు. మన దగ్గర తలనొప్పి ఎన్నడూ డాక్టరు దాకా వెళ్ళే వ్యవహారం కాదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితోనే తర్వాత ఆంధ్రపత్రిక పెట్టారు. జనం తలనొప్పులకు తెలుగు పత్రికారంగం ఎంతో కొంత రుణపడి ఉందన్నమాట. తైలం రాసుకోవడం వల్ల క్లస్టర్ నొప్పి తగ్గదు గానీ, కీడూ లేదు. మందుల షాపులో చీటీ లేకుండా చేతికొచ్చే బిళ్ళలు అలాంటివి కావు. పారాసిటమాల్‌కు కెఫీన్, మరో నొప్పిమందు కలిపినవి, ఎర్గటమిన్, కెఫీన్ కలిపినవి, ట్రమడాల్ లాంటి నల్లమందు జాతివి. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారంటే ఊరికే కాదు. క్లస్టర్ దాడిని ఆపడంలో వీటివల్ల ఉపయోగం బహు తక్కువ. అతివాడకపు తలనొప్పిని తెచ్చిపెట్టడంలో మాత్రం ఇవే ముందుంటాయి.

ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. చూడడానికి క్లస్టర్ లాగే ఉండి, దాడి 2 నుంచి 30 నిమిషాలే ఉండి, రోజుకు అయిదారుసార్లకు పైగా వచ్చే తలనొప్పి మరొకటుంది. దానికి ఇండోమెథసిన్ అనే నొప్పిమందు పూర్తిగా పనిచేస్తుంది, ఎంత పూర్తిగా అంటే మందు పనిచేయడమే రోగనిర్ధారణకు ఆధారం. రెండింటికీ తేడా తేల్చాల్సింది న్యూరాలజిస్టు. ఈ లక్షణాలతో తలనొప్పి కొత్తగా మొదలైనవాళ్ళకు మెదడు స్కాన్ కూడా తీయించాలి, ఎందుకంటే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డలాంటివేమైనా ఉన్నా ఇలాంటి నొప్పి రావచ్చు.

మరి దాడిని ఆపేది ఏది? రుజువున్నవి ప్రధానంగా రెండు. మొదటిది ఆక్సిజన్. 2009లో లండన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే 78 శాతం దాడుల్లో నొప్పి పోవడమో, చాలినంత తగ్గడమో జరిగింది. అదే మాస్కుతో మామూలు గాలి పీల్చినప్పుడు 20 శాతమే. రెండోది చర్మం కింద ఇచ్చే 6 మిల్లీగ్రాముల సుమట్రిప్టాన్ ఇంజెక్షన్. 1991 నాటి అధ్యయనంలో ఇది 15 నిమిషాల్లో 74 శాతం దాడులకు ఉపశమనమిచ్చింది, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 26 శాతం. ముక్కులో కొట్టుకునే జోల్మిట్రిప్టాన్ కూడా ఉపయోగపడుతుంది. సుమట్రిప్టాన్ బిళ్ళ రూపంలోనూ దొరుకుతుంది, మందుల షాపుల్లో ఎక్కువగా కనిపించేదీ అదే, కానీ ఇందాక చెప్పిన ఆలస్యం దానికీ ఉంది. ఆక్సిజన్ అనగానే 2021 వేసవి కోవిడ్ రోజులు గుర్తొచ్చి, ఇంట్లో కాన్‌సన్‌ట్రేటర్ ఉంది కదా అనేవాళ్ళుంటారు. ఇళ్ళలో వాడే యంత్రాలు సాధారణంగా నిమిషానికి 5 లీటర్లే ఇస్తాయి, ఈ జబ్బుకు అది చాలదు. కావలసింది సిలిండర్, వేగం ఎక్కువగా ఇచ్చే రెగ్యులేటర్, ముఖానికి బిగువుగా పట్టే సంచీ ఉన్న మాస్కు. దాడికి 180 లీటర్లు ఖర్చు. సుమారు 1,500 లీటర్లు పట్టే చిన్న బి టైపు సిలిండర్ ఎనిమిది దాడులకు వస్తుంది, 7,000 లీటర్ల జంబో సిలిండర్ అయితే ముప్పై ఎనిమిదింటికి. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు. సిలిండర్ ఉన్న గదిలో సిగరెట్టు వెలిగించకూడదు. ఈ జబ్బున్నవాళ్ళలో పొగరాయుళ్ళు ఎక్కువ కాబట్టి ఈ మాట రెండుసార్లు చెప్పినా పరవాలేదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. రోజూ ఇంజెక్షన్ పొడుచుకుంటే, నెలకు పదిరోజుల గీత ఎప్పుడో దాటిపోయాం కదా, రీబౌండ్ రాదా? సాక్ష్యం ఇరువైపులా ఉంది, అయితే బరువు సమానం కాదు. 2000లో ఇజ్రాయెల్ వైద్యురాలొకరు, ఇంజెక్షన్ మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు దాడుల సంఖ్య బాగా పెరిగిన రోగుల గురించి రాశారు. వాళ్ళు నలుగురు. అంతకుముందు 1995లో స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎక్‌బామ్ బృందం 138 మంది రోగుల్ని, ఇంజెక్షన్ వాడుతుండగా, మూడు నెలలపాటు గమనించింది. మందు పదును తగ్గలేదు, దాడులు పెరగలేదు. 2006లో క్లస్టర్ రోగుల్లో అతివాడకపు తలనొప్పి నిజంగానే వచ్చిన 17 మందిని పరిశీలిస్తే, వాళ్ళలో 15 మందికి తమకో, తమ కుటుంబంలో ఎవరికో మైగ్రేన్ ఉంది. కీళ్ళనొప్పులకు రోజూ నొప్పిబిళ్ళలు వాడే రోగుల్ని పరిశీలించినప్పుడూ ఇలాంటిదే తేలింది. అంతకుముందు తలనొప్పి జబ్బున్నవాళ్ళకే బిళ్ళల వల్ల రోజువారీ తలనొప్పి వచ్చింది, మిగిలినవాళ్ళు ఏళ్ళ తరబడి మింగినా రాలేదు. కాబట్టి మందు ఒక్కటే దోషి కాదు, ఏ తలలో పడిందన్నదీ లెక్కే. ఇంట్లో మైగ్రేన్ ఉంటే జాగ్రత్త పెంచాలి. లేకపోతే, సరైన మందును రీబౌండ్ భయంతో దూరం పెట్టడానికి ఇప్పటికున్న ఆధారం చాలదు. ఆక్సిజన్ విషయంలో ఈ చర్చే లేదు, రోజుకు ఎన్నిసార్లు పీల్చినా అతివాడకపు జాబితాలో దానికి చోటు లేదు.

అసలు గందరగోళం ఎక్కడంటే, తిరిగొచ్చిన ప్రతి నొప్పినీ రీబౌండ్ అనేస్తున్నారు. రాత్రి పన్నెండింటికి వచ్చిన దాడి ఇంజెక్షన్‌తో ఆగి, మూడింటికి మళ్ళీ వస్తే అది జబ్బు నైజం, మందు లేకపోయినా వచ్చేదే. సుమట్రిప్టాన్ సగానికి సగం రెండు గంటల్లోనే ఒంట్లోంచి పోతుంది, తర్వాతి దాడిని ఆపి ఉంచే శక్తి దానికి లేదు. ఆక్సిజన్ నొప్పిని ఆపలేదు, వాయిదా వేసిందని చెప్పే రోగులు కూడా ఉన్నారు. నిజమైన అతివాడకపు తలనొప్పి వేరేగా ఉంటుంది. అది మందంగా, తల రెండు పక్కలా, పట్టీ బిగించినట్టు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. కన్ను ఎర్రబడదు, మనిషి గదిలో పరుగులు పెట్టడు. క్లస్టర్ దాడులు ఆ నొప్పి మీదుగా విడిగా వచ్చిపోతుంటాయి. ఈ రెండింటినీ డైరీలో వేరువేరుగా రాసుకుంటే, డాక్టరుకు సగం పని తగ్గుతుంది. కలిపి తలనొప్పి అని ఒక్కమాటలో చెబితే, క్లస్టర్ ముదిరిందనుకుని మందు పెంచే ప్రమాదముంది, లేదా అంతా రీబౌండే అనుకుని అన్నీ మాన్పించే ప్రమాదముంది. రెండోది మరీ ఘోరం.

రీబౌండ్ భయం అక్కర్లేదంటే, ఇంజెక్షన్లు ఎన్నైనా చేసుకోవచ్చా? చేసుకోకూడదు, కారణం మాత్రం వేరు. సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు రక్తనాళాల్ని కుంచింపజేస్తాయి. గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్ళకు ఇవి పనికిరావు. 24 గంటల్లో రెండు ఇంజెక్షన్లకు మించకూడదు. ఎర్గటమిన్ ఉన్న బిళ్ళ మింగిన 24 గంటల్లోపు ఇంజెక్షన్ అసలే వద్దు, రెండూ కలిస్తే నాళాలు ప్రమాదకరంగా బిగుసుకుంటాయి. నలభై ఏళ్ళ పొగరాయుడు షాపులో కొన్న ఎర్గటమిన్ బిళ్ళ సంగతి డాక్టరుకు చెప్పకపోవడంలో ఉన్న అపాయం, పదిరోజుల లెక్క తప్పడంలో ఉన్నదానికన్నా చాలా పెద్దది.

రోజుకు అయిదు దాడులొచ్చే మనిషికి రెండు ఇంజెక్షన్లు చాలవు కదా. అందుకే దాడిని ఆపే మందుతోపాటు, విడత మొదలైన రోజునుంచే దాడులు రాకుండా చూసే మందు నడవాలి. అతివాడకానికి అసలు విరుగుడు అదే, ఎందుకంటే దాడులు తగ్గితే ఇంజెక్షన్లు వాటంతటవే తగ్గుతాయి. ఇందులో ముందు వరసలో ఉన్నది వెరాపమిల్. 2000లో ఇటలీ వైద్యులు రోజుకు 360 మిల్లీగ్రాములిచ్చి చూస్తే 15 మందిలో 12 మందికి దాడులు సగానికి పైగా తగ్గాయి, ఉత్తుత్తి బిళ్ళలు వాడిన వర్గంలో ఒక్కరికీ అలా తగ్గలేదు. చాలామందికి ఇంతకన్నా ఎక్కువ మోతాదే అవసరమవుతుంది. మోతాదు పెంచినప్పుడల్లా ఈసీజీ తీయించాలి, గుండె లోపలి విద్యుత్ ప్రసారాన్ని ఇది మందగింపజేస్తుంది. లండన్‌లో 108 మంది రోగుల్ని పరిశీలిస్తే అయిదింట ఒకరి ఈసీజీలో తేడా కనిపించింది. విరామం లేని రకానికి లిథియం వాడతారు, రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ చూస్తూ ఉండాలి. అమెరికాలో 2019లో గాల్కనెజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు విడతల రకానికి అనుమతి వచ్చింది. విరామం లేని రకంలో అది పనిచేస్తుందని రుజువు కాలేదు, యూరప్ ఔషధ సంస్థ ఈ జబ్బుకు దాన్ని ఆమోదించనే లేదు.

స్టెరాయిడ్ల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. తెలుగునాట నేను నిజంగా భయపడే తిరుగునొప్పి ఇక్కడుంది. వెరాపమిల్ పట్టు దొరకడానికి రెండు వారాలు పట్టవచ్చు. ఆ లోపు ఆదుకోవడానికి ప్రెడ్నిసోన్ లాంటి స్టెరాయిడ్‌ను కొద్దిరోజులు ఎక్కువ మోతాదులో ఇచ్చి, తర్వాత మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. 2021లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనంలో 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినవాళ్ళకు మొదటి వారంలో సగటున 7 దాడులొస్తే, వాడనివాళ్ళకు తొమ్మిదిన్నర వచ్చాయి. ఉపయోగం ఉంది. అయితే మోతాదు తగ్గేకొద్దీ దాడులు తిరిగి రావడం మామూలే, వెనక వెరాపమిల్ లాంటి మందు లేకపోతే. నొప్పి మళ్ళీ వచ్చిందని పాత చీటీ చూపించి అదే స్టెరాయిడ్‌ను మళ్ళీ మళ్ళీ కొనుక్కుంటే చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు బోలవుతాయి, తుంటి కీలు తల రక్తం అందక కుళ్ళిపోయే ప్రమాదమూ ఉంది. మధుమేహం ఇంటింటా ఉన్న సమాజంలో ఇది చిన్న విషయం కాదు. తల వెనుక నరం దగ్గర డాక్టరు చేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి ఈ ఆదుకునే పనిని తక్కువ హానితో చేస్తుంది.

అతివాడకపు తలనొప్పి నిజంగా వచ్చేసిందని తేలితే బిళ్ళలు మానాల్సిందే. మానిన కొత్తలో నొప్పి పెరుగుతుంది. 2001 నాటి జర్మన్ అధ్యయనంలో, మైగ్రేన్ వంటి తలనొప్పులున్నవాళ్ళలో, ఈ బాధ ట్రిప్టాన్లు మానినవాళ్ళకు సగటున 4 రోజులు, ఎర్గటమిన్ మానినవాళ్ళకు దాదాపు 7, నొప్పిబిళ్ళలు మానినవాళ్ళకు 9, 10 రోజులు ఉంది. నల్లమందు జాతివి ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. క్లస్టర్ రోగికి ఆ రోజుల్లో చేతికి ఆక్సిజన్ ఇవ్వకుండా, నివారణ మందు మొదలుపెట్టకుండా, బిళ్ళలు మాత్రం లాక్కోవడం వైద్యం అనిపించుకోదు.

ఇంత తతంగమెందుకు, ఎలాగూ గంటలో దానంతటదే పోయే నొప్పి కదా, ఓర్చుకోలేరా అనేవాళ్ళుంటారు. మందు హాని చేస్తుందన్న మాట ఎంత నిజమో, నొప్పి హాని చేస్తుందన్నదీ అంతే నిజం. మనిషి ఎరిగిన నొప్పుల్లో అతి తీవ్రమైన వాటిలో ఇదొకటని వైద్యులూ, ప్రసవం కన్నా ఎక్కువని ఆ రెండూ అనుభవించిన స్త్రీలూ చెప్పారు. రోజుకు అయిదుసార్లు, నెలల తరబడి, నిద్ర లేకుండా భరించిన మనిషి ఉద్యోగం పోగొట్టుకోవచ్చు, బతుకు మీదే విరక్తి చెందవచ్చు. ఈ జబ్బులో చనిపోవాలన్న ఆలోచనలు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అది పిరికితనం కాదు, చికిత్స అందని నొప్పికి ఫలితం. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా రాత్రి అదే వేళకు లేచి, ఒక కన్ను ఎర్రబడి, తల పట్టుకుని తిరుగుతుంటే, ఇంకో బిళ్ళ ఇచ్చి పడుకోమనకండి. వీలైతే ఆ ముఖాన్ని ఫోనులో వీడియో తీసి, దాడుల వేళలూ మింగిన ప్రతి బిళ్ళ పేరూ కాగితం మీద రాసి, న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళండి. ఆక్సిజన్‌కు చీటీ రాయమని అడగండి. చనిపోతాననే మాట వాళ్ళ నోట వస్తే మర్నాటిదాకా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. టెలిమానస్ సహాయకేంద్రం నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.